అద్దాల మేడల వెనక... డీజిల్ నాడి!

హైటెక్ సిటీ అనగానే గుర్తొచ్చేవేంటి? ఆకాశం తన ముఖం చూసుకునే అద్దాల మేడలు... మెడలో ఐడీ కార్డులు... బారులు తీరిన క్యాబులు... దుర్గం చెరువు మీద రాత్రిపూట రంగులు మార్చే తీగల వంతెన. ఫొటోల్లో వీటికే చోటు. ఏ ఫొటోలోకీ రాని బండి ఇంకోటుంది. తెల్లవారకముందే మాదాపూర్ సందుల్లో హాస్టళ్ల ముందు, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర, గచ్చిబౌలిలో సగం కట్టిన టవర్ల పక్కన, వెనక లావుపాటి పైపు వేలాడేసుకుని ఆగి ఉంటుంది. నీళ్ల ట్యాంకర్! కారిడార్ నిద్రలేచి మొహం కడుక్కునేలోపే దాని పని సగం అయిపోవాలి.

ట్యాంకును చూసినవాళ్లు దాని కిందున్న లారీని చూడరు. చూస్తే, వాటిలో చాలావాటికి పదిహేనేళ్లు దాటే ఉంటాయి. ఆ లారీ షోరూం గడప దాటిన నాటికి, ఇప్పుడు పై అంతస్తులో కోడింగ్ చేస్తున్న కుర్రాడు ఎక్కాలు వల్లె వేస్తూ ఉండుంటాడు. మొదట సిమెంటో, ఇనుమో, ఉల్లిగడ్డలో మోస్తూ రాష్ట్రాలు తిరిగి, దూరప్రయాణాలకు పనికిరాదనుకున్నాక చేతులు మారి, వెనక తొట్టి తీసేసి ట్యాంకు కట్టించుకుని నగరంలో స్థిరపడిన బండి. నుదుటి మీద 1613 అనో మరోటో అంకెలుంటాయి. టాటా బళ్ల మీద ఆ అంకెలకు అర్థముంది. మొదటి రెండూ సరుకుతో కలిపి బండి మొత్తం బరువు, టన్నుల్లో. చివరి రెండూ ఇంజిన్ బలంలో పదో వంతు. అంటే 1613... 16 టన్నుల బండి, సుమారు 130 హార్స్‌పవర్. పదివేల లీటర్ల నీళ్లంటే అచ్చంగా పది టన్నులు. బండికి వయసొచ్చినా మోసే బరువు మాత్రం తగ్గలేదన్నమాట!

ఈ బండి ఎక్కుడు మీద ఆగిపోతే? ఆఫీసు వేళల్లో ఐటీ కారిడార్‌లో భారీ వాహనాలకు, నెమ్మదిగా నడిచే బళ్లకు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసుల ఆంక్షలుంటాయి. ట్యాంకర్ ట్రిప్పులన్నీ ఆ మధ్య దొరికే గంటల్లోనే పడాలి. ఆ గంటల్లో బండి మొరాయించిందంటే పోయేది ఒక్క ట్రిప్పు కాదు, ఆ రోజు కూలి. డ్రైవరే యజమాని అయిన బండికైతే ఆ నెల ఫైనాన్స్ వాయిదా. 2024 వేసవిలో బోర్లు అడుగంటి గేటెడ్ కమ్యూనిటీలు ట్యాంకర్ల కోసం గంటల తరబడి ఎదురుచూసినప్పుడు, గేటుకు అటువైపున్నవాళ్లకు కూడా ఈ పాత లారీ విలువ తెలిసొచ్చింది.

రాయిని మోసిన బళ్లు

అసలు ఈ నగరాన్ని కట్టిందే ఇలాంటి బళ్లు. ఇక్కడి గ్రానైట్ గుట్టల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే సమయానికి చుట్టూ ఉన్నవి ఆ బండలూ, పొదలే. 2000లో క్లింటన్ వచ్చివెళ్లారు. 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2002లో గచ్చిబౌలిలో జాతీయ క్రీడలు, 2004లో మైక్రోసాఫ్ట్ ప్రాంగణం, 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా అవుటర్ రింగ్ రోడ్డు మొదటి భాగం. ఒక్కో పునాదికీ రాయి పేలాలి. పేలిన రాయిని టిప్పర్ మోయాలి. ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ వైపు అది ఇంకా ఆగలేదు. టిప్పర్ లేచిపోయాక వెనక మిగిలేది దుమ్ము. ఆ దుమ్ముకూ, డీజిల్ బళ్ల రోగాలకూ ఉన్న చుట్టరికం సంగతి కాసేపట్లో తెలుస్తుంది.

తమాషా ఏమిటంటే, లారీలు కట్టిన ఈ కారిడార్‌లో లారీ బాగుచేసే షెడ్డుకు చోటు లేదు. గజం ధర అలా ఉంది మరి! కారును అద్దంలా తుడిచిచ్చే సెంటర్లు సందుకొకటి. ఇంజిన్ విప్పాలంటే మాత్రం మియాపూర్ దాటి ముంబయి రహదారి వెంట పోవాలి. లేదంటే నగరానికి ఆ కొసన వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్. స్పేర్‌పార్టులకు రాణిగంజ్. ఆగిపోయిన బండి అంత దూరం ఎలా పోతుంది? తాడు కట్టి లాగించాలంటే మళ్లీ ఖర్చు. అందుకే మెకానికే బండి దగ్గరికి వస్తాడు. బైకు మీద, ముందు టూల్‌బాక్సు, వెనక ఒక కుర్రాడు.

వాళ్ల మధ్య మాటలు ఇంచుమించు ఎప్పుడూ ఒకేలా మొదలవుతాయి.

‘‘ఖాళీ బండి మంచిగనే పోతది ఉస్తాద్. నీళ్లు నింపినంక ఎక్కుడు కాడ దమ్ముంట లేదు.’’

‘‘పొగ ఎట్లొస్తుంది? నల్లగనా, తెల్లగనా?’’

‘‘పొగే లేదన్నా.’’

‘‘ఎప్పటి సంది?’’

‘‘రెండు దినాలాయె.’’

ఈ నాలుగు ముక్కల్లోనే సగం వైద్యం అయిపోయింది. ఎలాగంటారా? పెట్రోల్ బండిలోలా డీజిల్ ఇంజిన్‌లో నిప్పు రాజేసే ప్లగ్గు ఉండదు. గాలిని నొక్కి నొక్కి నిప్పులా కాగేలా చేసి, అందులోకి డీజిల్‌ను పొగమంచులా చిమ్మితే అదే అంటుకుంటుంది. కాబట్టి మంచం పట్టిన డీజిల్ ఇంజిన్‌ను అడగాల్సినవి రెండే ప్రశ్నలు... గాలి అందుతోందా? డీజిల్ అందుతోందా? నల్లపొగ కక్కుతూ బండి లాగట్లేదంటే గాలి చాలట్లేదు, లేదా డీజిల్ చిమ్మాల్సిన చోట కారుతోంది. పొగ కూడా లేకుండా దమ్ము పోయిందంటే డీజిలే అందట్లేదు. కాలడానికి ఏమన్నా ఉంటే కదా పొగ రావడానికి! అదే తెల్లపొగ అయితే డీజిల్ చేరుతోంది గానీ కాలట్లేదు... అది వేరే లెక్క. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిలు తాగుతోంది, ఇక డీజిల్ దారి వదిలేసి ఇంజిన్ వైపు చూడాలి.

మూత తీస్తే ‘ఉస్స్’!

డీజిల్ అందట్లేదని తేలాక తొందరపడే మెకానిక్ చెయ్యి నేరుగా పంపు మీదికి పోతుంది. పంపు విప్పితే ఖర్చు వేలల్లోకి పోతుంది, బండి రెండు మూడు రోజులు కదలదు. అనుభవమున్న మేస్త్రీ పంపు వైపు చూడనైనా చూడడు. ట్యాంకు దగ్గర మొదలుపెడతాడు. డీజిల్ ఏ దారిన పోతుందో తానూ ఆ దారిలోనే నడుస్తాడు. ట్యాంకు, అక్కణ్నుంచి పైపు, పక్కనే బొటనవేలితో నొక్కే చేతి ప్రైమర్ ఉన్న చిన్న ఫీడ్ పంపు, రెండు ఫిల్టర్లు, అసలు పంపు, ఆరు ఇనప గొట్టాలు, ఆరు ఇంజెక్టర్లు. చవక నుంచి ఖరీదు వైపు... ఇదే ఆ దారి!

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పి చెవి దగ్గర పెట్టడం. ‘ఉస్స్’ మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చిందా, దొంగ దొరికినట్టే. డీజిల్ ఖర్చవుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. అందుకే మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. రాతిదుమ్మూ డీజిల్ జిడ్డూ కలిసి దాన్ని మూసేస్తే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది. ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. కాసేపు ఆపితే ఎక్కణ్నుంచో కొంచెం గాలి చేరి మళ్లీ స్టార్టవుతుంది. రెండు కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగుతుంది. దెయ్యం పట్టిందేమో అనిపించే ఈ రోగానికి మందు... ఒక పిన్నీసు!

అది కాకపోతే డబ్బా పరీక్ష. అయిదు లీటర్ల డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి క్యాబిన్ పక్కన ఎత్తులో కట్టి, ట్యాంకు పైపు ఊడదీసి, డబ్బా పైపును నేరుగా ఫీడ్ పంపుకు తగిలిస్తారు. ఆసుపత్రిలో సెలైన్ సీసా వేలాడదీసినట్టు. బండి హాయిగా లాగిందంటే రోగం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది. అప్పుడు కూడా నీరసంగానే ఉంటే రోగం ఇంకా ముందుంది. ఒక్క డబ్బాతో దారి సగానికి సగం తెగిపోయింది. పై అంతస్తులో ప్రోగ్రామ్‌లో తప్పు వెతికేవాళ్లూ చేసేదిదే... సగానికి విరిచి, ఏ సగంలో ఉందో చూడటం.

‘ఎయిర్ పట్టింది’

డీజిల్ లారీ నడిపినవాళ్లలో ఈ మాట అనని మనిషి ఉండడు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినప్పుడు సరిగ్గా గాలి తీయకపోయినా, ఎక్కడో ఒక కీలు వదులైనా పైపుల్లోకి గాలి చేరుతుంది. డీజిల్‌ను నొక్కితే నలగదు, ముందుకు పోతుంది. గాలిని నొక్కితే? స్పాంజిలా నలిగి, మళ్లీ ఉబ్బుతుంది. పంపు ఎంత కొట్టినా ఆ దెబ్బ గాలిబుడగలోనే ఆగిపోతుంది, ఇంజెక్టర్ దాకా చేరదు. బండి దగ్గుతుంది, ఊగుతుంది, ఆగుతుంది.

గాలి తీయడం క్లీనర్ కుర్రాళ్లు నేర్చుకునే మొదటి విద్య. ఫిల్టర్ నెత్తిన ఉన్న స్క్రూ వదులు చేసి ప్రైమర్‌ను కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత తెగని ధార. ధార వచ్చాకే బిగించాలి. పంపు దగ్గరా అంతే. చివరికి ఇంజెక్టర్ల దగ్గర గొట్టాల నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే అక్కడ మిగిలిన గాలి కూడా పోతుంది.

కానీ గాలి తీయడం వైద్యం కాదు, ఉపశమనం. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు అయితే గాలి ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడతారు. పంపుకు అవతల కారితే డీజిల్ బయటికి చిమ్మి కనిపిస్తుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య మాత్రం డీజిల్‌ను లాగుతున్నారు, తోయట్లేదు. అక్కడ పైపు చిట్లితే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చుక్క తడి ఉండదు! అందుకే మేస్త్రీ ఆ దారిలో మూరెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం అతికిస్తాడు. అందులో ముత్యాల్లా బుడగలు పరుగెత్తుతుంటే రోగం అంతకుముందే ఉందన్నమాట. ఎండకు బీటలిచ్చిన రబ్బరు హోసు, గట్టిగా బిగించినా పట్టని పాత రాగి వాషరు... దొరికేవి ఎక్కువగా ఇవే. రాగి వాషరు ఒకసారి నలిగితే గట్టిపడిపోతుంది. కొత్తది వేయడం ఉత్తమం. చేతిలో లేకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. ఇనుమును అలా చేస్తే గట్టిపడుతుంది. రాగి మాత్రం మెత్తబడుతుంది. ఏ పాఠంలో చదివి నేర్చుకున్నారో గానీ, ఆ కిటుకు ఎప్పుడూ తప్పలేదు.

నీళ్ల బండికి నీళ్లే గండం

పదివేల లీటర్ల నీళ్లు వీపున మోసే బండిని రెండు చెంచాల నీళ్లు పడగొట్టగలవు! సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా బండిని నిలిపితే, లోపలి గాలిలోని తేమ చల్లబడి గోడలకు చెమటలా పట్టి డీజిల్‌లోకి జారుతుంది. వానాకాలం మూత సరిగ్గా పడకపోయినా అంతే. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరతాయి. నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి నల్లటి బంక తయారవుతుంది. ట్యాంకు అడుగున తుప్పు, ఏళ్లతరబడి పేరుకున్న మడ్డి సరేసరి. పాత ట్యాంకర్‌ను కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని, ట్యాంకు దింపి కడిగించడం. ఎక్కువమంది చివర చేసే పని కూడా అదే. రెండుసార్లు ఫిల్టర్లు మార్చి, ఒకసారి పంపు విప్పించాక!

అందుకే రెండు ఫిల్టర్లు. మొదటిది ముతక చెత్తను ఆపితే రెండోది కాగితం మడతల్లో కంటికి కనిపించని రేణువుల్ని పడుతుంది. ఫిల్టర్ ఖరీదు వందల్లో ఉంటుంది. అది ఆపలేని నీళ్లు పంపులోకి పోతే బిల్లు వేలల్లోకి మారుతుంది. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే బిరడా ఉంటుంది. గ్లాసులోకి పట్టి చూస్తే పైన లేతపసుపు డీజిల్, కింద నీళ్లు స్పష్టంగా గీత గీసినట్టు కనిపిస్తాయి. వారానికోసారి రెండు నిమిషాల పని. చేసేవాళ్లు తక్కువ. ట్రిప్పుల తొందరలో ఎవరికి గుర్తుంటుంది!

ఆరింటిలో మొండికేసిందెవరు?

ఇప్పటిదాకా చూసినవన్నీ డీజిల్ అందకపోవడం. ఇంజిన్ కుంటుతోంది, నల్లపొగ వస్తోంది, గాలి ఫిల్టర్ శుభ్రంగానే ఉంది అంటే వరస ఇంజెక్టర్లది. ఆరు సిలిండర్లలో తప్పు చేస్తున్నదేది? దీనికి ఉన్న పరీక్ష చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో ఇంజెక్టర్ గొట్టం నట్టు కాస్త వదులు చేస్తారు. ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగుతుంది. ఇంజిన్ చప్పుడు పడిపోయి వణికిందంటే ఆ సిలిండర్ అప్పటిదాకా పనిచేస్తున్నట్టే. వదులు చేసినా ఇంజిన్‌కు ఏమీ పట్టనట్టు అలాగే తిరిగిందంటే ఆ సిలిండర్ ముందునుంచీ పని ఎగ్గొడుతోంది. హాజరు పిలిచినప్పుడు ఎవరు పలకరో చూడటమే! పాత మెకానిక్‌కు ఇక్కడ చెవే మీటర్.

పట్టుకున్న ఇంజెక్టర్‌ను విప్పి చేత్తో కొట్టే టెస్టర్‌కు బిగిస్తారు. పాత బళ్ల నాజిళ్లు సుమారు 200 నుంచి 250 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలి. మీట నొక్కగానే ‘కిర్ర్’ మంటూ సన్నని తుంపర నాలుగువైపులా సమానంగా రావాలి. తుంపరకు బదులు ధార వచ్చినా, చిమ్మాక కొసన చుక్క వేలాడినా నాజిల్ పోయినట్టే. ఆ చుక్కే సిలిండర్‌లో సగం కాలి నల్లపొగ అవుతుంది. ఒత్తిడి తగ్గితే లోపల పలుచని షిమ్ వేసి స్ప్రింగును బిగువు చేస్తారు. ఈ పరీక్ష దగ్గర పిల్లల్ని నిలబడనివ్వరు, తుంపరకు చెయ్యి అడ్డం పెట్టనివ్వరు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. సూదిగుచ్చినట్టే ఉంటుంది గానీ వేలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

వెంట్రుకలో ముప్పయ్యో వంతు

చివరికి, అన్నీ అయ్యాకే, పంపు. బెంగళూరులో 1951లో జర్మనీ బాష్ సంస్థ భాగస్వామ్యంతో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పొట్టి పేరు మైకో. 2008లో అది బాష్ లిమిటెడ్‌గా పేరు మార్చుకుంది. లారీ లోకం మాత్రం మార్చుకోలేదు. ఇప్పటికీ ‘మైకో పంపు’ అనేవాళ్లే ఎక్కువ. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజిన్‌ను నడిపి చూపినప్పుడు అది గదంత యంత్రం. డీజిల్‌ను లోపలికి ఊదడానికే వేరే గాలి కంప్రెసర్ కావాల్సి వచ్చింది. ఆ బరువుతో రోడ్డెక్కేదెలా? 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ చేతుల్లో పట్టే ఇంజెక్షన్ పంపుల్ని పెద్దయెత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిల్ లారీకి దారి సుగమమైంది. మన టాటాలు 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టేనాటికి ఆ పంపు ప్రపంచమంతా పాకింది.

విప్పి చూస్తే అందులో వరసగా ఆరు ప్లంజర్లు. ఒక్కోదానికి ఒక్కో బ్యారెల్. రెంటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు! ఏ ప్లంజర్‌కు ఆ బ్యారెలే జోడీ. పొరపాటున మార్చి పెడితే రెండూ పనికిరావు. 130 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బరువు మీద నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే, ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 1,250 సార్లు చిమ్ముతుంది. చిమ్మిన ప్రతిసారీ లోపలికి పోయేది ఇంచుమించు ఒక్క చుక్క. ఆ చుక్కలో పదో వంతు అటూఇటూ అయినా పొగలో తేడా తెలుస్తుంది. అలాంటి చోటికి టిప్పర్ లేపిన రాతిదుమ్ము చేరితే? గ్రానైట్‌లోని పలుకురాయి గట్టి ఉక్కును కూడా గీస్తుంది. గీత పడ్డ ప్లంజర్ పక్కనుంచి డీజిల్ వెనక్కి జారిపోతుంది, ఒత్తిడి పుట్టదు. ముఖ్యంగా బండి వేడెక్కి డీజిల్ పలుచబడ్డాక. పొద్దున చక్కగా స్టార్టయిన బండి మధ్యాహ్నం ఆపి మళ్లీ కొడితే లేవకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

అందుకే పంపు పని చెట్టు కింద చేయరు. దానికి దుమ్ము లేని గది కావాలి, టెస్ట్ బెంచీ కావాలి. బెంచీ మీద పంపును తిప్పుతూ ఆరు గాజు గొట్టాల్లోకి డీజిల్ లాంటి ఆయిలు పట్టి గీతలతో కొలుస్తారు. ఆరూ సమానంగా నిండాలి. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. తిరిగి బండికి బిగించేటప్పుడు ఇంకో అందమైన పని ఉంది. మొదటి సిలిండర్ గొట్టం చోట కొంగమెడలా వంగిన చిన్న పైపు పెట్టి, ఫ్లైవీల్‌ను చేత్తో అంగుళం అంగుళం తిప్పుతారు. పైపు కొసన ధారగా వస్తున్న డీజిల్ చుక్కలవుతుంది. చుక్కలు నెమ్మదిస్తాయి. చుక్క ఆగీ ఆగని ఆ క్షణమే పంపు డీజిల్ కొట్టే సమయం. అక్కడ గుర్తు కలిస్తే బిగించేయడమే. సెకనులో వెయ్యో వంతు లెక్కల్ని చుక్కలు లెక్కపెట్టి కుదురుస్తారు.

సీలు తెంపితే...

అన్ని పంపుల మీదా ఒక స్క్రూ ఉంటుంది. గరిష్ఠంగా ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే స్క్రూ. క్యాలిబ్రేషన్ చేసినవాళ్లు తీగచుట్టి సీలు వేస్తారు. రోగం వెతికే ఓపిక లేనివాళ్ల కన్ను ముందుగా దీనిమీదే పడుతుంది. సీలు తెంపి కాస్త తిప్పితే బండి ఆ రోజుకు ఉరుకుతుంది. డ్రైవర్ సంతోషం. మెకానిక్‌కు పేరు. వెనక బైకు మీద వచ్చేవాళ్ల మొహాన మసి! కాలని డీజిల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పిస్టన్ అరుగుతుంది, లీటరుకు వచ్చే కిలోమీటర్లు పడిపోతాయి. కారిడార్‌లో పాత బళ్లు కక్కే నల్లపొగలో వయసు వాటా ఎంతో, ఈ స్క్రూ వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టలేదు గానీ, రెండోదాన్ని తక్కువ చేయడానికి లేదు. పొగ తనిఖీలో పాత డీజిల్ బండికి పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. సీలు చెక్కుచెదరని, నాజిళ్లు సరిగ్గా ఉన్న పాత బండి ఆ గీత దాటాల్సిన పని లేదు. ఎనిమిదేళ్లు దాటిన లారీ ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి. అక్కడికి పోయే ముందురోజు స్క్రూ వెనక్కి తిప్పి, మర్నాడు మళ్లీ ముందుకు తిప్పే తెలివి ఉంటే మాత్రం ఏ తనిఖీ ఏం చేస్తుంది?

దీన్ని బాగా అర్థం చేసుకున్నది ఆర్టీసీ. డిపోల్లో లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కను, అదే కేఎంపీఎల్‌ను, డ్రైవర్ వారీగా, బస్సు వారీగా రాసి పెడతారు. ఏ బస్సు అంకె పడితే ఆ బస్సు పంపూ నాజిళ్లూ చూడాల్సిందే. ట్యాంకర్ యజమానికి అలాంటి బోర్డు లేదు. ట్యాంకు నింపినప్పుడల్లా డైరీలో రెండంకెలు రాసుకుంటే చాలు, రోగం నెల ముందే కనిపిస్తుంది.

స్కానర్ వచ్చింది... ఉస్తాద్?

ఈ విద్యకు కాలం దగ్గరపడుతోందా? అవునూ కాదూ. హైదరాబాద్‌కు 2005లో బీఎస్-3, 2010లో బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6. డీజిల్‌లో గంధకం 350 పీపీఎం నుంచి 50కి, ఇప్పుడు పదికి దిగింది. గాలికి మంచిదే. కానీ గంధకం తీసే క్రమంలో డీజిల్‌కున్న సహజమైన జిడ్డుగుణం కూడా తగ్గుతుంది. ప్లంజర్లకు ఆ జిడ్డే కందెన. అందుకే రిఫైనరీలోనే దానికి తగ్గ మందు కలిపి పంపుతారు. ఇక కిరోసిన్ కలిపిన డీజిల్ పోస్తే ఆ కందెన కాస్తా పోయినట్టే. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు వేసేది ఆ కల్తీని పట్టుకోవడానికే.

కొత్త లారీల్లో ఆరు ప్లంజర్ల పంపు లేదు. 1,600 అట్మాస్ఫియర్లు, అంతకుమించిన ఒత్తిడితో డీజిల్‌ను నింపి ఉంచే కామన్ రైలు, కంప్యూటర్ చెప్పినప్పుడు తెరుచుకునే ఇంజెక్టర్లు. వాటి నట్లు వదులు చేసి చప్పుడు వింటామంటే ప్రాణాలకే ముప్పు. అక్కడ స్కానర్ తగిలించి కోడ్ చదవాల్సిందే. ఐటీఐలో ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సు చేసి వచ్చే కుర్రాళ్లు సహజంగానే అటే చూస్తారు. కంపెనీ సర్వీస్ సెంటర్లో జీతం, యూనిఫాం ఉన్నాయి. ఎండలో లారీ కింద పడుకుని, మొహాన డీజిల్ కారుతుంటే బుడగలు వెతికే పనికి కుర్రాడు దొరకడం కష్టమైంది. దొరికిన కుర్రాడు నాలుగేళ్లు నిలవడం ఇంకా కష్టం.

మరి పాత బళ్లను తీసేస్తే పోదా? ప్రభుత్వ శాఖల బళ్లకు 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పోతోంది. ప్రైవేటు లారీ మాత్రం ఫిట్‌నెస్ ఇచ్చినన్నాళ్లూ తిరగొచ్చు. కొత్త లారీ కొనాలంటే పాతది అమ్మితే వచ్చే డబ్బు బయానాకు సరిపోతుందేమో. ఒకే బండి ఉన్నవాడికి అది తేలిక కాదు. ఈ లెక్క తేలేదాకా మేడలకు నీళ్లు మోసేది ఆ బళ్లే. అన్నట్టు, మేడల సెల్లార్లలోనూ డీజిలే ఉంది. కరెంటు పోయినా సర్వర్లు ఆగకుండా చూసే జనరేటర్లలో కొన్ని ఇంజిన్లు లారీల ఇంజిన్లకు అన్నదమ్ములే. 2023 జులై నుంచి కొత్త జనరేటర్లకు కాలుష్య నిబంధనలు కఠినమయ్యాయి. అంతకుముందు బిగించినవాటిలో పాత తరహా పంపులున్నవి ఇంకా ఉన్నాయి. నెలల తరబడి కదలకుండా నిల్వ ఉన్న డీజిల్, అడుగున చేరిన నీళ్లు... అక్కడా అదే రోగం, అదే మందు.

కొత్త బీఎస్-6 ట్యాంకర్ కొన్నవాళ్లకు డ్యాష్‌బోర్డు మీద ఓ దీపం కనిపిస్తుంది. డీజిల్‌లో నీళ్లున్నాయని సెన్సర్ పసిగట్టి వెలిగించే దీపం. వెలగ్గానే సర్వీస్ సెంటర్‌కు ఫోన్లు. అటునుంచి వచ్చే సలహా... ఇంజిన్ ఆపి కిందికి దిగి, ఫిల్టర్ అడుగున బిరడా వదులు చేసి, నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా పట్టి, మళ్లీ చేత్తో బిగించండి!